అప్పు ఉంటేనే అది ఇల్లా?

ఈద్ అయిన మూడో రోజు కర్నూలు నుంచి మా ఖాలాజాన్ ఫోన్ చేసింది. సలాం, ఖైరియత్, ఎవరింట్లో షీర్‌ఖుర్మా చిక్కబడింది, ఎవరింట్లో పల్చబడింది అన్న ముచ్చట్లన్నీ అయ్యాక గొంతు తగ్గించి అడిగింది.

"బేటా, నువ్వు అఖ్బార్‌లో పనిచేస్తావు కదా. అమెరికాలో గాడీని ఇల్లంటారా?"

నాకు అర్థం కాలేదు. మెల్లగా విప్పింది. ఖాలాకి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ టెక్సాస్‌లో డాలస్ దగ్గరే ఉంటారు. పెద్దోడికి సొంత ఇల్లుంది, బ్యాంకు లోన్ మీద. పోయిన ఏడాది జనవరిలో వాడు ఒక క్యాంపర్ కూడా కొన్నాడు. అంటే ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కుపోయే పెద్ద డబ్బా. లోపల పడకలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, బాత్రూం అన్నీ ఉంటాయి. సెలవుల్లో పిల్లల్ని ఎక్కించుకుని చెరువు గట్లకీ కొండల్లోకీ పోయి అందులోనే పడుకుంటారు. అదీ లోన్ మీదే. "సూద్ గురించి ఫికర్ నక్కో అమ్మీ, గవర్నమెంట్ దీన్ని మా రెండో ఇల్లు కింద లెక్కేస్తుంది, కట్టిన సూదంతా టాక్స్‌లో వాపస్ వచ్చేస్తుంది" అన్నాడట.

అక్కడితో ఆగితే ఖాలా నాకు ఫోన్ చేసేది కాదు. చిన్నోడు సూద్‌కి భయపడి ఇప్పటిదాకా ఇల్లు కొనలేదు. నెలకి 1,900 డాలర్ల కిరాయా ఇంట్లో భార్యాబిడ్డలతో ఉంటున్నాడు. ఈద్ రోజు దస్తర్‌ఖాన్ మీద పెద్దోడు వాణ్ణి అందరి ముందూ అన్నాడట: "నువ్వు కిరాయా కట్టి వేరేవాడి ఇల్లు నింపుతున్నావ్, సర్కార్‌కి పూర్తి టాక్స్ కడుతున్నావ్. నేను రెండు ఇళ్లు పెట్టుకుని తక్కువ కడుతున్నా. ఎవడు బేవఖూఫ్?" చిన్నోడు బిర్యానీ సగంలో లేచి వెళ్లిపోయాడు. కోడళ్లు మాట్లాడుకోవడం లేదు.

"నాకు మసలా చెప్పొద్దు బేటా, దానికి మౌల్వీ సాబ్ ఉన్నారు. హిసాబ్ చెప్పు. నా కొడుకుల్లో ఎవడు బేవఖూఫ్?"

మన బంధువర్గంలో ప్రతి రెండో ఇంటి నుంచీ ఒకరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. ఈ కొట్లాట మా ఖాలా ఇంటికే పరిమితం కాదని నాకు తెలుసు. అందుకే రెండు రాత్రులు కూర్చుని అక్కడి కాగితాలు చదివాను. చదివింది ఇక్కడ పెడుతున్నా.

ముందు పెద్దోడి మాటలో నిజం ఉంది. అమెరికా ఇన్‌కం టాక్స్ శాఖ, వాళ్లు ఐఆర్‌ఎస్ అంటారు, ఇంటి లోన్ వడ్డీ మీద ఇచ్చే రియాయత్ గురించి ఒక పుస్తకం వేస్తుంది. పబ్లికేషన్ 936 దాని పేరు. అందులో ఇల్లంటే ఏమిటో రాశారు. పడుకునే ఏర్పాటు, వండుకునే ఏర్పాటు, టాయిలెట్, ఈ మూడూ ఉంటే చాలు. అది ఇటుకలతో కట్టిందా, చక్రాల మీద ఉందా, నీళ్ల మీద తేలుతోందా అన్నది వాళ్లకి అనవసరం. ఫ్లాటైనా, ట్రైలరైనా, పడవైనా సరే. మొదటి ఇల్లు కాక ఇంకొక్క ఇంటిని రెండో ఇల్లుగా ఎంచుకోవచ్చు. దాన్ని కిరాయాకి ఇవ్వకపోతే ఆ ఏడాది అందులో ఒక్క రాత్రి పడుకోకపోయినా ఫర్వాలేదు. కిరాయాకి ఇస్తే మాత్రం 14 రోజులు, లేదా కిరాయాకి ఇచ్చిన రోజుల్లో పదో వంతు, ఏది ఎక్కువైతే అంతకు మించి మనం వాడుకోవాలి.

ఇంకో షర్త్ ఉంది. ఆ అప్పుకి ఆ గాడీయే తాకట్టుగా ఉండాలి. కట్టకపోతే బ్యాంకువాడు వచ్చి గాడీని లాక్కుపోయే హక్కు కాగితం మీద ఉండాలి. క్రెడిట్ కార్డు మీద కొంటేనో, చేబదులు తెచ్చి కొంటేనో ఆ సూద్‌కి రియాయత్ లేదు. రెండు ఇళ్ల అప్పులూ కలిపి 7,50,000 డాలర్ల దాకా చెల్లుతుంది. ఆ హద్దు 2017 డిసెంబర్ 15 తర్వాత తీసుకున్న అప్పులకి. అంతకు ముందువాటికి 10 లక్షల డాలర్లు.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూశాను. 1913లో అమెరికాలో ఇన్‌కం టాక్స్ మొదలైనప్పుడు ఇల్లనీ దుకాణమనీ తేడా లేకుండా ఏ అప్పు మీద వడ్డీ అయినా తీసేసుకోనిచ్చారు. 1986లో రీగన్ కాలంలో చట్టం మార్చి కారు లోన్, క్రెడిట్ కార్డు లాంటి సొంత ఖర్చుల సూద్‌కి ఆ రియాయత్ కొన్నేళ్లలో తీసేశారు. ఇంటి లోన్‌కి మాత్రం ఉంచారు, ఒకటి కాదు, రెండు ఇళ్లకి. కారు బయటకి పోయింది, పొయ్యీ పడకా టాయిలెట్టూ ఉన్న గాడీ ఇల్లయి లోపల కూర్చుంది. 2025లో మళ్లీ అమెరికాలోనే తయారైన కొత్త కార్ల లోన్ వడ్డీకి ఏడాదికి 10,000 డాలర్ల దాకా నాలుగేళ్లపాటు రియాయత్ తెచ్చారు. సూద్ వ్యాపారం చేసేవాళ్లకి ప్రతి కాలంలోనూ ఏదో ఒక తలుపు తెరిచే ఉంటుంది అన్నమాట. ఇది నా కడుపుమంట, ఖాలా అడిగిన హిసాబ్ కాదు. హిసాబ్‌లోకి వస్తా.

పెద్దోడి చేతే లెక్కలు చెప్పించుకున్నాను. మొదట బిగుసుకున్నాడు, తర్వాత వాట్సప్‌లో పంపాడు. క్యాంపర్ లోన్ 45,000 డాలర్లు, 8 శాతం వడ్డీ, 15 ఏళ్లు. నెలకి 430 డాలర్లు. మొదటి ఏడాది కట్టినదాంట్లో సూద్ 3,541 డాలర్లు, అసల్‌లో తగ్గింది 1,620 లోపే.

మేం చదివింది ఉర్దూ మీడియం స్కూల్లో. హిసాబ్ క్లాసులో సూద్‌-ఎ-ముఫ్రద్, సూద్‌-ఎ-మురక్కబ్ అని రెండు బాబ్‌లు ఉండేవి. మాస్టర్ సాబ్ బోర్డు మీద సూద్ లెక్కలు చేయించి, గంట కొట్టగానే పక్క గదిలో దీనియాత్ క్లాసుకి పంపేవారు. అక్కడ మౌల్వీ సాబ్ సూద్ హరామ్ అని చెప్పేవారు. లెక్క తప్పు చేస్తే ఇక్కడ దెబ్బలు, లెక్క నిజమైతే అక్కడ గునాహ్. తర్వాత తెలుగు డిగ్రీలో మురక్కబ్‌నే చక్రవడ్డీ అంటారని తెలిసినప్పుడు ఆ మాట ఎంత సరిగ్గా ఉందో అనిపించింది. పెద్దోడి క్యాంపర్ లోన్ మీద ఆ బాబ్ మళ్లీ తిరగేశాను. పదిహేనేళ్లలో వాడు కట్టేది మొత్తం 77,400 డాలర్లు. అందులో సూద్ 32,400. అప్పటికి గాడీ పాతబడి, పైకప్పు కారి, కొనేవాడు దొరికితే అదే గొప్ప.

ఇప్పుడు "వాపస్ వచ్చేస్తుంది" అన్న మాట చూద్దాం. డిడక్షన్ అంటే కట్టిన సూద్ సర్కార్ తిరిగి ఇవ్వడం కాదు. ఆ మేరకు మన ఆమ్‌దనీని తక్కువ చేసి చూపించుకోవడం. పెద్దోడు 22 శాతం టాక్స్ పడే వరుసలో ఉన్నాడు. 3,541 మీద 22 శాతం అంటే 779 డాలర్లు. వంద డాలర్లు బ్యాంకుకిచ్చి ఇరవై రెండు డాలర్లు సర్కార్ దగ్గర మిగుల్చుకోవడం. మిగిలిన డెబ్భై ఎనిమిదీ జేబులోంచే పోయాయి.

ఆ 779 అయినా వచ్చిందా? రాలేదు. అమెరికాలో ప్రతి కుటుంబానికీ ఏ కాగితమూ చూపించక్కర్లేకుండా ఒక పెద్ద మినహాయింపు ఇస్తారు, స్టాండర్డ్ డిడక్షన్ అని. 2025 ఆమ్‌దనీకి భార్యాభర్తలు కలిసి లెక్క ఇస్తే అది 31,500 డాలర్లు. ఇది వద్దనుకుని సూద్, ఇంటి పన్ను, ఖైరాత్ అన్నీ విడివిడిగా షెడ్యూల్ ఏ అనే కాగితంలో రాసుకోవచ్చు. కానీ రెండింట్లో ఒకటే. రెండూ కావు. 2017 చట్టం స్టాండర్డ్ డిడక్షన్‌ని దాదాపు రెట్టింపు చేశాక, అక్కడ విడివిడిగా రాసుకునేవాళ్లు పదిమందిలో ఒక్కరికి పడిపోయారు.

పెద్దోడి విడి లెక్క ఇది. ఇంటి లోన్ సూద్ 14,200. ఇంటి పన్ను, అమ్మకం పన్ను కలిపి 8,800. మస్జిద్‌కీ రిజిస్టరైన ధర్మసంస్థలకీ ఇచ్చింది 3,000. మొత్తం 26,000. క్యాంపర్ సూద్ 3,541 కలిపితే 29,541. అంటే 31,500 ముందు ఇంకా తక్కువే! విడివిడిగా రాసుకుంటే వాడికి నష్టం. కాబట్టి వాడూ అందరిలాగే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవాలి. క్యాంపర్ సూద్ వల్ల వాడికి టాక్స్‌లో మిగిలింది ఒక్క డాలర్ కూడా కాదు.

చిన్నోడికి లోన్ లేదు, సొంత ఇల్లు లేదు, గాడీ లేదు. వాడికీ 31,500.

ఇద్దరు తమ్ముళ్లకీ ఒకే మినహాయింపు. ఒకడు రెండు అప్పులు మోస్తూ, ఒకడు ఏ అప్పూ లేకుండా. నేను ఇది చెప్పగానే పెద్దోడు నమ్మలేదు. "భాయిజాన్, క్యాంపర్ అమ్మినవాడే చెప్పాడు, రెండో ఇల్లు అని" అన్నాడు. అమ్మినవాడు అబద్ధం చెప్పలేదు. అది నిజంగానే రెండో ఇల్లు. వాడి టాక్స్‌కి దానితో పనిలేదు, అంతే.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంటి లోన్ పెద్దది అయితే, ఇంటి పన్నులు బాగా ఎక్కువ కడుతుంటే, ఆ 31,500 గీత ముందే దాటిపోయి ఉంటే, అప్పుడు క్యాంపర్ సూద్ మొత్తం పనికొస్తుంది. అలాంటివాళ్లు తీసుకోవచ్చు. అది చట్టం ఇచ్చిన హఖ్, చోరీ కాదు. క్యాంపర్ లోన్ ఇచ్చినవాళ్లు ఇంటి లోన్ వాళ్లలాగా ఫారం 1098 పంపకపోవచ్చు కూడా. ఆ ఫారం పంపి తీరాలన్న నియమం భూమీ భవనాల తాకట్టు అప్పులకే. అది రాకపోయినా షెడ్యూల్ ఏలో దానికి వేరే వరుస ఉంది, అప్పిచ్చినవాళ్ల పేరూ చిరునామా అక్కడ రాసుకోవచ్చు. లోన్ కాగితం, కట్టిన సూద్ లెక్క దాచుకుంటే చాలు. నా తగాదా వాళ్లతో కాదు.

నా తగాదా ఆ చట్టం ఇంటిని చూసే చూపుతో. పడక, పొయ్యి, టాయిలెట్ ఉంటే ఇల్లు అంటుంది. బాగుంది. మరి అదే క్యాంపర్‌ని ఒకడు నగదు పెట్టి కొని ఏడాదంతా అందులోనే కాపురం ఉంటే? రియాయత్ లేదు, సూద్ లేదు కాబట్టి. కిరాయాకి ఉండి ఏడాదికి 22,800 డాలర్లు కట్టే మా చిన్నోడికి? ఆ కిరాయా మీద పైసా లేదు. అన్న తన తమ్ముడికి సూద్ లేకుండా ఖర్జ్‌-ఎ-హసనా ఇచ్చి ఇల్లు కొనిపెడితే? తీసేసుకోవడానికి సూదే లేదు, ఇచ్చిన అన్న పేరు ఏ కాగితంలోనూ ఉండదు. పేరుకి ఇంటి మీద రియాయత్ గానీ, అసలు రియాయత్ అప్పు మీద. ఎంత పెద్ద అప్పయితే అంత పెద్ద రియాయత్. ఎంత పెద్ద ఆమ్‌దనీ అయితే ఒక్కో డాలర్‌కీ అంత ఎక్కువ మిగులు.

కర్నూల్లో మేం పెరిగింది ఒక గది ఇంట్లో. అబ్బా దర్జీ పని చేసేవారు. పగలు కుట్టుమిషన్ ఉన్న చోటే రాత్రి మా పరుపులు. ఏడుగురం. గదిలో ఓ మూల కిరోసిన్ స్టవ్, అదే బావర్చీఖానా. టాయిలెట్ మాత్రం వాకిలి దాటి, గల్లీ చివర, నాలుగు కుటుంబాలకి కలిపి ఒకటి. తెల్లవారుజామున ఫజ్ర్ అజాన్ కంటే ముందు అమ్మీ మమ్మల్ని లేపి వరసలో నిలబెట్టేది. పబ్లికేషన్ 936 చదువుతున్నప్పుడు నాకు ఆ వరస గుర్తొచ్చింది. ఆ లెక్కన మాది ఇల్లే కాదు. మూడింట్లో ఒకటి తక్కువ. ఉర్దూలో మకాన్ వేరు, ఘర్ వేరు. మాకు మకాన్ ఎప్పుడూ వేరేవాళ్లదే. ఘర్ మాత్రం మాదే ఉండేది, దానికి కాగితాలు లేవు.

అబ్బా ఒకసారి ఇల్లు కొనే ఛాన్స్ వదులుకున్నారు. ఫైనాన్స్ వాడు ఇస్తానన్నాడు, అబ్బా సూద్ అని వద్దన్నారు. అమ్మీ వారం రోజులు మాట్లాడలేదు. కిరాయా ఇళ్లు మారుతూనే వాళ్ల జిందగీ గడిచింది. అబ్బాది సరైన ఫైసలా అని చెప్పడం నాకు తేలిక కాదు. కిరాయా ఇంట్లో పెరిగిన ఆడపిల్లల రిష్తాలు ఎలా ఉంటాయో మా ఆపాలని అడగండి. కానీ ఆయన్ని బేవఖూఫ్ అనే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.

నేను మాత్రం ఆయనలా ఉండలేకపోయాను. 2016లో హైదరాబాద్‌లో రెండు గదుల ఫ్లాట్‌కి 22 లక్షల లోన్ తీసుకున్నాను, తొమ్మిదిన్నర శాతం. ఇది దాచుకుని మీకు నసీహత్ చేయడం నాకు ఇష్టం లేదు. మొదటి ఏడాది బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ వచ్చింది, 2,07,000 రూపాయలు. మన చట్టంలో సొంతంగా ఉంటున్న ఇంటికి 2 లక్షల దాకా తీసేసుకోవచ్చు. ఆఫీసులో అకౌంట్స్ అతను 41,200 టాక్స్ మిగిలిందని చెబితే నేను స్వీట్లు తెచ్చాను. ఇంటికొచ్చి అబ్బాకి చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ అడిగారు: "పోయింది ఎంత బేటా?" అప్పటిదాకా ఆ కాగితంలో పై అంకె నేను చూడనే లేదు. పెద్దోడి మీద నాకు కోపం రాకపోవడానికి అదే కారణం. 'మిగిలింది' అనే మాట మన చెవికి అంత తియ్యగా ఉంటుంది.

మన దేశంలోనూ రెండో ఇంటి కథ ఉంది. 2019 బడ్జెట్ నుంచి రెండు ఇళ్లని సొంత నివాసంగా చూపించుకోవచ్చు, కానీ రెండింటికీ కలిపి అదే 2 లక్షలు, పాత పద్ధతిలో ఉంటేనే. కొత్త పద్ధతి ఎంచుకుంటే మనం ఉంటున్న ఇంటి లోన్ వడ్డీకి ఏమీ లేదు. ఇక చక్రాల బండిని ఇల్లు అనడం మన దగ్గర కుదరదు. మన చట్టం చూసేది భవనాన్నీ దాన్ని ఆనుకున్న జాగానీ. కాబట్టి కారవాన్ కొని ఇక్కడ రెండో ఇల్లు అనుకునేవాళ్లు ఆ ఖయాల్ మానుకోండి. ఇలాంటి వీడియో ఒకటి ఈమధ్య మా ఫ్యామిలీ గ్రూపులో కూడా తిరిగింది.

చిన్నోడికి నేను చెప్పింది వేరు. అమెరికాలో సూద్ వద్దనుకునేవాళ్లకి దారి పూర్తిగా మూసుకుపోలేదు. 1997లో, మళ్లీ 1999లో అక్కడి జాతీయ బ్యాంకుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ కార్యాలయం, కువైట్‌కి చెందిన ఒక బ్యాంకు అడిగినప్పుడు, ఇజారా పద్ధతిలోనూ మురాబహా పద్ధతిలోనూ ఇళ్లకి డబ్బు పెట్టవచ్చని జవాబిచ్చింది. ఇజారా అంటే సంస్థ కొని మనకి కిరాయాకి ఇచ్చి చివరికి మన పేర రాయడం. మురాబహా అంటే తను కొని లాభం వేసుకుని మనకి కిస్తుల్లో అమ్మడం. ఇప్పుడు ముషారకా పద్ధతిలో, అంటే షరాకత్‌లో కొని వాళ్ల వాటా మెల్లగా మనం కొనుక్కుంటూ పోయే పద్ధతిలో ఇచ్చే సంస్థలు కూడా ఉన్నాయి. ఇందులో ఒక వింత ఉంది. ఆ సంస్థలకి మనం కట్టే లాభాన్ని చాలామంది టాక్స్ కాగితంలో వడ్డీ గడిలోనే రాస్తారు, ఎందుకంటే రియాయత్ ఉన్న గడి అదొక్కటే. షరియత్ కాగితంలో మునాఫా, సర్కారీ కాగితంలో ఇంట్రెస్ట్. ఇది నిజమైన తేడానా, పేర్ల తేడానా అన్నది ఉలమాలు తేల్చాలి, నేను అఖ్బార్ వాణ్ణి. కానీ సూద్ అనే పేరు పెట్టుకుంటే తప్ప దయ చూపించని చట్టం ముందు మన పిల్లలు ఎలా నిలబడుతున్నారో ఇక్కడి పెద్దలకి తెలియాలి. ఫోన్లో "ఇంకా ఇల్లు కొనలేదా" అని అడిగే ముందు తెలియాలి.

ఖాలాజాన్‌కి ఆదివారం మొత్తం హిసాబ్ చెప్పాను. అంకెలన్నీ విని, "అంటే ఇద్దరికీ ఒకటేనా?" అంది. "టాక్స్‌లో ఒకటే ఖాలాజాన్. బ్యాంకు దగ్గర మాత్రం పెద్దోడికి నెల నెలా 430 పోతోంది" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఇద్దరినీ కలిపి వీడియో కాల్ పెట్టించింది. పెద్దోడు తమ్ముడికి మాఫీ చెప్పాడా అంటే, చెప్పలేదు. ఏప్రిల్ 15 గడువు లోపు తన కాగితం మార్చుకోవాలని మాత్రం అన్నాడు. వేసవి సెలవుల్లో గాడీ తీసుకుని తమ్ముడి పిల్లల్ని కూడా ఎక్కించుకుని పోతానన్నాడు. చిన్నోడు సరే అన్నాడు, పెట్రోల్ సగం తనదే అని షర్త్ పెట్టాడు.

ఖాలా నాతో చివర్లో అడిగింది, తను అమెరికా వెళ్తే ఆ గాడీలో నమాజ్‌కి నిలబడే జాగా ఉంటుందా అని. పెద్దోణ్ణి అడిగి చెబుతానన్నాను.